ఎడమవైపు కుట్టు

మాస్టరమ్మ గురించి చెప్పమని నన్నడిగారంటే మీకు ఇంకెవరూ దొరకలేదన్నమాట. ఆవిడ పేరెత్తితే నాకు ఈ రోజుకీ ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను, ఎందుకంటే ఆవిడ గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నచ్చిన మనిషి ఎదురైతే నవ్వి ఊరుకుంటాం. కిట్టని మనిషినైతే తల నుంచి కాలిగోరు దాకా పరీక్షగా చూస్తాం. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను ఆవిడని అలాగే చూస్తున్నాను.

నేను స్కూలు వ్యాను నడుపుతాను. పిల్లల్ని ఎక్కించుకోవడం, దించడం, మధ్యలో అడ్డం వచ్చిన ప్రతి బండివాణ్ణీ నాలుగు మాటలనడం, ఇదీ నా ఉద్యోగం. మా ఆయన కోట్లు కుట్టే షాపులో ఇస్త్రీ పని చేస్తాడు. కింద మందుల దుకాణం, పక్కన ఇరుకు మెట్లు, ఎక్కితే పొడుగాటి హాలు. కిటికీల వెంట కుట్టుమిషన్లు, నడుమ మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగినంత కటింగ్ బల్ల, ఆ చివర ఆవిరి కక్కే ఇస్త్రీపెట్టెలు. బల్ల దగ్గర నిలబడి గుడ్డ కత్తిరించే మనిషిని మాస్టర్ అంటారు. ఈ షాపులో ఆ మనిషి ఆడమనిషి కాబట్టి మాస్టరమ్మ.

మా ఆయనకి అక్కడ ఇంకో పని కూడా ఉంది. కొత్త రకం కోటు ఏది కత్తిరించినా ముందు ఆయన ఒంటి మీద ట్రయల్ వేసి చూస్తారు. భుజాలు, ఛాతీ, నడుము, అన్నీ మీడియం సైజుకి అచ్చు గుద్దినట్టు ఉంటాయట. ఆయనకి సరిపోతే ఊళ్ళో సగంమందికి సరిపోయినట్టేనట. అందుకని షాపులో అందరూ ఆయన్ని 'బొమ్మ' అంటారు. ఆ పిలుపుకి ఈయన మురిసిపోతాడు. "బొమ్మా, ఇటు రా" అని మాస్టరమ్మ అనడం ఆలస్యం, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వెళ్ళి చేతులు చాపి నిలబడతాడు. ఇంట్లో నేను గొంతు చించుకుని పిలిస్తే "ఆఁ" అనడానికి కూడా బద్ధకం.

నా కడుపుమంట మొదలైంది అక్కడే. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఈయన మరిచిపోయిన టిఫిన్ బాక్సు ఇద్దామని షాపుకి వెళ్ళాను. మెట్లెక్కి చూద్దును కదా, మా ఆయన అద్దం ముందు కళ్ళు మూసుకుని హాయిగా నిలబడి ఉన్నాడు. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఆయన ఛాతీ చుట్టూ టేపు వేసి, చంక కింద వేలు పెట్టి ఏదో సర్దుతోంది. భుజం మీద రెండు వేళ్ళు ఆనించింది, ఈయన తిరిగాడు. మళ్ళీ ఆనించింది, మళ్ళీ తిరిగాడు. ఒక్క మాటైనా లేదు ఇద్దరి మధ్యా. నేను బాక్సు బల్ల మీద ధన్‌మని పెట్టి వచ్చేశాను.

"ఏమండీ, ఆవిడ నోట్లో ఆ సూదులేంటి? ఏదో ఒకరోజు మింగి చస్తుంది" అన్నాను ఆ సాయంత్రం.

"ఇన్నేళ్ళలో ఒక్కటీ మింగలేదే" అన్నాడు, అదేదో పతకం తెచ్చినట్టు.

"అబ్బో, ఏం మింగిందో ఏం మింగలేదో కూడా నీకు తెలుసన్నమాట!"

మా ఆయన్ని నేను మామూలుగా మీరు అంటాను. కోపం వస్తే నువ్వు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎక్కువగా నువ్వే వినపడేది.

పోనీ ఆవిడ అందగత్తె అయినా బాగుండేది, చూసి ఏడ్చి ఊరుకునేదాన్ని. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, కాస్త ఒంగి ఉంటుంది. జుట్టులో ఎప్పుడూ ఏదో ఒక దారం పోగు. ఎడమ మోకాలు నొప్పి, మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగుతుంది. చేతులు మాత్రం, చెప్పకేం, చాలా బాగుంటాయి. పొడుగాటి వేళ్ళు, గోళ్ళ చుట్టూ సుద్ద. ఆ చేతులు ముట్టుకుంటే గుడ్డ మాట వింటుంది, మా ఆయన మాట వింటాడు. నా చేతులు చూస్తే స్టీరింగు పట్టీ పట్టీ కాయలు కాసి ఉంటాయి.

ఆవిడ కథంతా మా ఆయన నాకు భోజనం దగ్గర ఏకరువు పెట్టేవాడు, వద్దన్నా సరే. చిన్నప్పుడే గుండీలు కుట్టడానికి ఆ షాపులో చేరిందట. అప్పట్లో బల్ల దగ్గర ఒక ముసలి మాస్టర్ ఉండేవాడు. ఒకసారి ఎవరో పెద్దింటావిడ పాత కోటు లూజు చేయించుకోవడానికి వస్తే, ఈ పిల్ల టేపు పట్టుకుని, "అయ్యో, బాగా లావయ్యారండీ!" అనేసింది. ఆవిడ కోటు తీసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. ముసలాయన ఈ పిల్లని తిట్టలేదు, కొట్టలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని, "మనం చూడాల్సింది గుడ్డని, ఒంటిని కాదమ్మా. ఒళ్ళు పెరిగితే కుట్టు విప్పి లూజు వదులు, తగ్గితే లోపలికి తియ్యి. నోరు మాత్రం ఎత్తకు. వాళ్ళకి తెలియకుండా కోటు సరిపోవాలి, అదీ పనితనం" అన్నాడట. మాస్టరమ్మ ఆ మాట పట్టుకుని బతికింది. పొట్ట పెరిగినవాళ్ళూ, జబ్బుపడి లేచినవాళ్ళూ, బిడ్డ పుట్టబోతున్న సంగతి ఇంకా ఎవరికీ చెప్పనివాళ్ళూ, అందరి ఒళ్ళూ ఆవిడ టేపుకి తెలుసు. ఎవరి సంగతీ ఆవిడ నోటికి తెలియదు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి మంచానపడితే ఆమెని చూసుకుంటూ ఉండిపోయింది. ఆ తల్లి పోయాక షాపే ఇల్లయింది.

"ఎంత గొప్ప మనిషో!" అనేవాడు మా ఆయన ముద్ద కలుపుతూ.

"అయితే వెళ్ళి ఆవిడ దగ్గరే తిను" అనేదాన్ని.

మా ఆయన చొక్కాలన్నీ ఆవిడే కుట్టేది. తానుల్లో మిగిలిన కొసలతో కుడుతుందట. మొదటి పెళ్ళిరోజుకి నేను పెద్ద దుకాణంలో ఎంచి ఎంచి ఒక నీలం చొక్కా కొన్నాను. ఒక్కసారి తొడుక్కుని, "భుజం దగ్గర పట్టేస్తోందే" అన్నాడు. మర్నాడే పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాడు. నేను కొన్న చొక్కాని! తిరిగొచ్చాక అది నిజంగానే బాగుంది. అందుకు ఇంకా ఏడుపొచ్చింది నాకు.

ఆ తర్వాత మా ఆయన మారడం మొదలుపెట్టాడు. భోజనం దగ్గర రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. ముఖం పీక్కుపోయింది. సాయంత్రం రాగానే కుర్చీలో కూలబడి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఏమైందంటే, "ఏం లేదే, అలసట" అనేవాడు. ముప్ఫై నిండని మనిషికి అంత అలసటేంటి? మా అక్కకి ఫోను చేసి చెప్పాను. అది అన్నీ తెలిసినదానిలా, "తిండి సయించదు, నిద్ర పట్టదు, పరధ్యానం... ఇది కచ్చితంగా ప్రేమేనే" అంది. ఫోను పెట్టేశాక ప్రతి మలుపులోనూ హారన్ మోగిస్తూనే బండి నడిపాను. ఆ పూట పిల్లలు కూడా భయపడి నోరు మూసుకుని కూర్చున్నారు.

దానికితోడు యూనిఫాం గొడవ ఒకటి వచ్చింది. ఏదో హోటలు వాళ్ళ పనివాళ్ళకి కోట్లు కుట్టి పంపితే, మొత్తం తిప్పి పంపారు. అన్నిటికీ ఎడమ పక్క సంచిలా వేలాడుతోందట. మా ఆయనకి అతికినట్టు సరిపోయిన కోటు చూసే కదా అన్నీ కత్తిరించారు, మరి వాళ్ళకెందుకు సరిపోలేదో ఎవరికీ అర్థం కాలేదు. ఓనరు అందరి ముందూ మాస్టరమ్మని దులిపేశాడు. కళ్ళు మందగించాయన్నాడు, అద్దాలు మార్చుకోమన్నాడు. ఆవిడ పెదవి విప్పలేదట. తల వంచుకుని అన్నీ మళ్ళీ కత్తిరించిందట. మా ఆయన ఆ రోజు ఇంటికొచ్చి అసలు భోజనమే ముట్టలేదు.

"మా స్కూలువాళ్ళు నన్ను తిట్టినప్పుడు ఎప్పుడైనా నువ్వు పస్తున్నావా?" అన్నాను.

"ఊరుకోవే, పాపం ఆవిడ..."

"పాపం ఆవిడ! మరి నేనో?"

ఆయన పక్కకి తిరిగి పడుకున్నాడు. నేను గోడకేసి తిరిగి పళ్ళు నూరుకున్నాను.

స్కూలుకి సెలవిచ్చిన ఒకనాడు నేను కొన్న ఆ నీలం చొక్కాకి గుండీ ఊడితే కుడదామని తిరగేశాను. చంక కింద నుంచి అంచు దాకా ఎడమ పక్క కుట్టు విప్పేసి ఉంది. పాత కుట్టు తాలూకు సూది గుచ్చులు వరసగా కనిపిస్తున్నాయి, వాటి పక్కన కొత్త కుట్టు. ఉన్న గుడ్డ చాలక, అదే రంగు ముక్క సన్నగా అతికించి ఉంది. పైనుంచి చూస్తే దేవుడు కూడా కనిపెట్టలేడు, అంత నాజూకు పని. అంత నాజూగ్గా కుట్టే చెయ్యి ఎవరిదో నాకు ఒకరు చెప్పాలా? బీరువాలో చొక్కాలన్నీ లాగి మంచం మీద తిరగేశాను. అన్నీ అంతే. పాతవాటికి కాస్త, కొత్తవాటికి ఇంకాస్త. ఒక్కోదానికీ విప్పడం, కుట్టడం, మళ్ళీ విప్పడం. నా మొగుడి చొక్కాల లోపల నాకు తెలియకుండా ఇంకో ఆడదాని చెయ్యి తిరుగుతోంది!

ఇహ చూస్కోండి. చొక్కాలన్నీ చంకన పెట్టుకుని, వ్యాను తీసి, దారిలో ఎవర్నేం తిట్టానో నాకే తెలియదు, నేరుగా షాపు ముందు ఆపాను. మెట్లు రెండేసి ఎక్కాను. మాస్టరమ్మ బల్ల మీదికి ఒంగి గుడ్డ మీద సుద్దతో గీత గీస్తోంది. ఆ గీత మీదే చొక్కాలన్నీ విసిరికొట్టాను.

"ఏంటిది? ఎంతకాలంగా నడుస్తోంది ఇది?"

మిషన్లన్నీ టక్కున ఆగిపోయాయి. మా ఆయన ఆ చివర ఆవిర్లో నిలబడి గుడ్లప్పగించి చూస్తున్నాడు.

ఆవిడ చొక్కాల వైపు చూసింది, నా వైపు చూసింది. "గదిలోకి రామ్మా, మాట్లాడుకుందాం" అంది మెల్లిగా.

"గదిలోకెందుకు? అందరి ముందే చెప్పు! ఏ హక్కుతో ముట్టుకున్నావు ఈ చొక్కాలు?"

"ఒళ్ళు చేశాడు కదమ్మా అబ్బాయి" అంది, గొంతు ఇంకా తగ్గించి. "పట్టేస్తున్నాయని తెచ్చిస్తే విప్పి లూజు వదిలాను. మేము చెప్పం, అది మా పద్ధతి. కొలత మారిందని తెలిస్తే ఓనరు ఇతన్ని ట్రయల్‌కి మాన్పించేస్తాడు. అప్పుడు రోజంతా ఆ ఆవిరి దగ్గరే నిలబడాలి, అది ఇతని వల్ల కాదు. అందుకని ట్రయల్ కోటు కూడా ముందే ఎడమ పక్క లూజు వదిలి తొడిగేదాన్ని. హోటలు వాళ్ళ కోట్లప్పుడు ఆ లూజు తీసేసి గీయడం మరిచిపోయాను. తప్పు నాదే."

అంటే ఓనరు చేత ఆవిడ తిట్లు తిన్నది మా ఆయన కోసమన్నమాట! నాకు అది విని కృతజ్ఞత రాలేదు. కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టయింది.

"ఒళ్ళు చేశాడా? మనిషి బొమికలు తేలి చీపురుపుల్లలా తయారైతే ఒళ్ళు చేశాడా? ఒళ్ళు చేస్తే రెండు వైపులా చేస్తాడు గానీ ఒక పక్కే చేస్తాడా?"

నేను దెప్పుదామని అన్న మాట అది. ఆవిడ మాత్రం చేతిలో సుద్ద కింద పెట్టేసింది.

"ఇస్త్రీవాళ్ళకి ఒళ్ళు ఒక పక్కకి ఒరుగుతుంది" అంది, నాకు చెబుతున్నట్టు కాదు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "బరువైన పెట్టె కుడిచేత్తో తోస్తారు కదా, ఎడమవైపు నడుము బయటికొస్తుంది. ఎంతమందిని చూడలేదు నేను! అందరికీ కాస్త వదలాల్సిందే. ఇతనిదీ అదే అనుకున్నాను." ఒక చొక్కా తీసి కుట్టు మీద వేలితో రాస్తూ కొలిచింది. ఇంకోటి తీసింది. వేలు ఆగిపోయింది. "ఇంత వదిలానా?" అంది.

మా ఆయన్ని పిలిచింది. ఎప్పట్లాగే వచ్చి చేతులు చాపి నిలబడ్డాడు, వెర్రి మాలోకం. చొక్కా ఎత్తమంది. ఆవిడ చెయ్యి ఆయన నడుము దాకా వెళ్ళి, ముట్టుకోకుండా ఆగింది. వెనక్కి తీసుకుని నన్ను చూసి, "నువ్వు చూడమ్మా" అంది.

నేను చెయ్యి పెట్టాను. ఎడమవైపు, పక్కటెముకల కింద. చక్కిలిగిలి పుట్టి ఆయన మెలికలు తిరిగి నవ్వాడు. నా చేతి కింద మాత్రం గట్టిగా, గుండ్రంగా, కదలని ముద్ద ఒకటి తగిలింది.

"ఏంటండీ ఇది?"

"ఏది? టీ తాగాను కదే ఇప్పుడే, కడుపు నిండి ఉంటుంది" అన్నాడు. తర్వాత మా ఇద్దరి ముఖాలూ చూసి నవ్వు ఆపేశాడు. "మొన్నామధ్య ఒకటి రెండుసార్లు బాత్రూంలో ఎర్రగా పడింది. వేడి చేసిందనుకున్నాను. నీకు చెబితే కంగారు పడతావని చెప్పలేదు" అన్నాడు నేల చూస్తూ.

అప్పటికప్పుడు ముగ్గురం వ్యానెక్కాం. ఆవిణ్ణి నేను రమ్మనలేదు. తనే వెనక పిల్లల సీట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది, దిగమనడానికి నాకు నోరు రాలేదు.

ఆసుపత్రిలో స్కానింగు చేశారు. డాక్టరు మా ఆయన కన్నా పెద్దవాడై ఉండడు, మెత్తగా మాట్లాడే మనిషి. ఎడమ కిడ్నీలో గడ్డ ఉందన్నాడు. ఇంత చిన్న వయసులో అరుదే గానీ వస్తాయన్నాడు. నొప్పి లేకుండా లోపలే పెరిగిపోతాయి, కుర్రవాళ్ళు కదా, నడుము పట్టిందనో పని ఎక్కువైందనో అనుకుని ఊరుకుంటారు అన్నాడు. అందులో కొన్ని మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి, తీసి పరీక్షకి పంపితే గానీ తేలదు. ఇది పెద్దది, కాబట్టి కిడ్నీతో సహా తియ్యాలి. రెండోది బాగానే ఉంది, దాంతో బతకొచ్చు. నాకు ఆ 'బతకొచ్చు' అన్న మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి. పక్కన మా ఆయన గోళ్ళు గిల్లుకుంటున్నాడు.

"వాపు ఎప్పట్నుంచి గమనించారు?" అనడిగాడు డాక్టరు, ఊరికే మాటవరసకి అడిగినట్టు.

మా ఆయన తెల్లముఖం వేశాడు. నేనూ అంతే. వెనక గోడకి ఆనుకున్న మాస్టరమ్మ, "చలికాలం కోట్లు మొదలుపెట్టినప్పుడు మొదటిసారి విప్పానండీ. వానల ముందు ఇంకోసారి. మొన్న మళ్ళీ" అంది.

డాక్టరు తలూపి రాసుకున్నాడు. నా మొగుడి ఒంటి సంగతి నన్నడిగితే, జవాబు ఆవిడ దగ్గరుంది! బయట వరండాలోకి రాగానే నాకు పూనకం వచ్చినట్టయింది.

"నీకు తెలుసు! చలికాలం నుంచీ తెలుసు! పెరుగుతుంటే చూస్తూ, గుడ్డ అతికించి దాచిపెట్టావు. నోరెత్తకూడదట, పద్ధతట! నీ పద్ధతి తగలెయ్య. నా మొగుడికేమన్నా అయితే నిన్ను బతకనివ్వను. మళ్ళీ మా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను!"

బెంచీల మీద జనం లేచి చూశారు. ఆవిడ ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టే దిగి వెళ్ళిపోయింది. మా ఆయన నన్ను, "ఎందుకే అలా అంటావు?" అని కూడా అనలేదు. బెంచీ మీద కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన అరచెయ్యి చల్లగా ఉంది.

ఆపరేషన్ రోజున నేను తిట్టని దేవుడు లేడు. థియేటరు తలుపు దగ్గర నేనొక్కదాన్నే కూర్చున్నాను. మా అక్క వస్తానంది, "నీ ప్రేమ వైద్యం చాల్లే" అని ఫోను పెట్టేశాను. మధ్యాహ్నం టీ కోసం కిందకి దిగితే గేటు దగ్గర మాస్టరమ్మ నిలబడి ఉంది. గడప తొక్కొద్దన్నానుగా, తొక్కలేదు, రోడ్డు మీద నిలబడింది. నన్ను చూసి ఒక పొట్లం చేతికిచ్చి, "అబ్బాయికి" అని వెళ్ళిపోయింది. పారేద్దామనుకున్నాను. పారేయలేదు.

విప్పి చూస్తే మెత్తటి నూలు చొక్కాలు రెండు. ఎడమ పక్క కుట్టే లేదు, చంక నుంచి అంచు దాకా తెరిచి, ముడి వేసుకోవడానికి గుడ్డ తాళ్ళు పెట్టింది. ఆపరేషన్ అయిన పక్క గొట్టం వేలాడుతుంది కదా, చొక్కా తొడిగినా దానికి తగలకుండా. కట్టు మార్చడానికొచ్చిన నర్సు చూసి, "అబ్బ, ఎంత బాగా కుట్టారో! ఎవరమ్మా?" అంది.

"మా చుట్టాలావిడ" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

మత్తు దిగిన మనిషి కళ్ళు తెరిచి, నన్ను చూసి నవ్వి, పెదాలు తడుపుకుని అడిగిన మొదటి మాటేంటో తెలుసా? "మాస్టరమ్మ రాలేదా?" పొట్ట కోసి ఉన్నాడని ఊరుకున్నాను గానీ, లేకపోతే అక్కడే పొడిచేసేదాన్ని. ఆ తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆయన ఎవర్నడిగినా ఫరవాలేదు, అడగడానికి మిగిలితే చాలు అనుకుంటూ ఏడ్చాను, అనుకుంటూనే కుళ్ళుకున్నాను కూడా.

పరీక్ష ఫలితం వచ్చింది. గడ్డ చెడ్డదే. కానీ కిడ్నీ పైపొర దాటి బయటికి రాలేదు, మొత్తం తీసేశాం అన్నాడు డాక్టరు. ఇప్పటికి వేరే మందులేం అక్కర్లేదు, కొన్నేళ్ళపాటు ఆగి ఆగి స్కానింగు తీయించుకుంటూ ఉండాలి, ఎక్కడైనా మళ్ళీ తలెత్తిందేమో చూస్తుండాలి అన్నాడు. ఇంకొంచెం ఆలస్యమై ఉంటేనో అని నేనడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆపరేషన్ తర్వాత మొదటి స్కానింగు పోయిన వారం అయింది. ఆ ముందు రోజుల్లో మా ఇంట్లో గ్లాసు కింద పడినా ఇద్దరం ఉలిక్కిపడేవాళ్ళం. వెళ్ళే రోజు పొద్దున్నే మా ఆయన చొక్కా తొడుక్కుంటూ, "ఆవిణ్ణి కూడా పిలవనా?" అన్నాడు, నేను కరుస్తానేమోనన్నట్టు దూరంగా నిలబడి. నేను మూతి ముడుచుకుని, "వ్యానులో బోలెడు సీట్లున్నాయి" అన్నాను.

ముగ్గురం అదే వరండాలో అదే బెంచీ మీద కూర్చున్నాం, మధ్యలో ఆయన. ఆయన్ని లోపలికి పిలిచారు. బెంచీ మీద ఖాళీకి చెరోవైపు మేమిద్దరం మిగిలాం. ఆవిడ చేతులు ఊరికే లేవు, లేని గుడ్డని మడతలు పెడుతున్నాయి. ఆయన బయటికొచ్చాడు. ముఖం చూడగానే తెలిసిపోయింది.

"ఏమీ లేదట!" అన్నాడు.

ఆ మాట ఆవిడకేసి చూసి చెప్పాడో నాకేసి చూసి చెప్పాడో నేను కనిపెట్టానంటే మీరు నన్ను తిట్టుకుంటారు. ఆవిడకేసే. అలవాటు మరి, ఇన్నేళ్ళూ ఆవిడ ముందే కదా నిలబడ్డాడు. ఆ తర్వాతే వచ్చి నా భుజం మీద తల పెట్టి, నలుగురూ చూస్తారనుకోకుండా భోరుమన్నాడు. మాస్టరమ్మ అటు తిరిగి నిలబడి ముక్కు చీదుకుంది.

ఎదురుగా ఉన్న కొట్లో ముగ్గురం టీ తాగాం. షాపు ఓనరు ట్రయల్‌కి ఇప్పుడు ఇంకో కుర్రాణ్ణి పెట్టుకున్నాడట. మా ఆయన్ని కూర్చుని చేసే గుండీల పనిలో వేయించింది ఆవిడే. దాని గురించి ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నాకు ఒకటే భయం, ఆ రోజు వరండాలో మొదలైన భయం.

ఎందుకంటే ఆ రోజు నేనన్న అన్ని మాటలకీ ఆవిడ దగ్గర ఒకే ఒక్క జవాబుంది. "నేనంటే గుడ్డ మీద నుంచి కొలిచినదాన్ని. నువ్వు రోజూ పక్కనే పడుకునేదానివి కదమ్మా, నీ చేతికి తగల్లేదా?" ఆ ఒక్క మాట అనుంటే నేను అక్కడికక్కడే చచ్చిపోయేదాన్ని. వరండాలో అంటుందనుకున్నాను, అనలేదు. గేటు దగ్గర పొట్లం ఇస్తూ అంటుందనుకున్నాను, అనలేదు. వ్యానులో నా వెనకే కూర్చుంది, అనలేదు. టీ గ్లాసు కింద పెట్టి నాకేసి తిరిగినప్పుడు, ఇదిగో, ఇప్పుడంటుంది అనుకున్నాను. "నీకు చక్కెర సరిపోయిందా?" అంది.

ఆవిడకి తట్టలేదనుకోకండి. నేనైతే మొదటి రోజే అనేసేదాన్ని. అందుకే ఆవిడంటే నాకు ఇప్పటికీ కుళ్ళు.